నొప్పులతో బడి మానుతున్న పిల్లలకు సెల్‌ఫోన్ వైద్యం అక్కరకొచ్చేనా?

పాడేరు: ఎవరి నొప్పి వారికే తెలుస్తుందంటారు. పెద్దవాడు నడుము పట్టేసిందంటే ఆ పూటకు పనిలోకి వెళ్ళవద్దని ఇంట్లో వాళ్ళే చెబుతారు. అదే పదమూడేళ్ళ పిల్ల కాళ్ళు లాగుతున్నాయనో, తల పగిలిపోతున్నదనో నెలల తరబడి అంటుంటే మొదట జాలిపడతారు. తరువాత విసుక్కుంటారు. చివరకు బడి ఎగ్గొట్టడానికి వేషాలని తేల్చేస్తారు. రక్త పరీక్షలో ఏమీ కనిపించలేదన్నా, ఎక్స్‌రేలో ఎముక బాగానే వున్నదన్నా ఇక ఆ పిల్ల మాట నమ్మేవారే వుండరు. నొప్పి ఒక బాధ అయితే, నమ్మరన్న దిగులు మరో బాధ.

ఇటువంటి పిల్లలు ఎక్కడో ఒకరిద్దరు వుంటారనుకుంటే పొరపాటు. వివిధ దేశాల్లో జరిగిన 119 అధ్యయనాలను కలిపి లెక్క కట్టి 2024 లో పరిశోధకులు ప్రకటించిన అంచనా ప్రకారం పిల్లల్లో దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు దీర్ఘకాలిక నొప్పితో బాధపడుతున్నారు. మూడు నెలలకు పైబడి వుండే నొప్పిని, లేదా తగ్గినట్టే తగ్గి మళ్ళీ మళ్ళీ వచ్చే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. తలనొప్పి, కడుపునొప్పి, నడుము నొప్పి, కీళ్ళ నొప్పులు వీటిలో ముఖ్యమైనవి. ఎదిగే వయసులో, అందునా ఆడపిల్లల్లో ఇవి ఎక్కువగా కనిపిస్తున్నాయి.

ఈ పిల్లల కోసం అమెరికా, కెనడా దేశాలలో గత పదిహేనేళ్ళకు పైగా ఒక కొత్త తరహా వైద్యం పరీక్షకు నిలిచింది. అందులో మందు బిళ్ళ వుండదు, సూది మందు వుండదు. కంప్యూటర్‌లోనో, సెల్‌ఫోన్‌లోనో పాఠాలు వుంటాయి. నొప్పి వున్నప్పుడు ఎలా మసలుకోవాలి, భయాన్ని ఎలా అదుపు చేసుకోవాలి, నిద్ర ఎలా చక్కబరుచుకోవాలి, బడికి మళ్ళీ ఎలా వెళ్ళాలి అన్నవి ఆ పాఠాలు. దీనినే ప్రవర్తన చికిత్స అంటున్నారు. ఫోన్ మన వూళ్ళకు ఇప్పటికే వచ్చేసింది. ఫోన్ లో వైద్యం కూడా నేడో రేపో వస్తుంది. కనుక అది ఏమి చేయగలదు, ఏమి చేయలేదు అన్నది ముందుగానే తెలుసుకోవడం మంచిది.

మొరగడం మానని కుక్క

మామూలు నొప్పి కాపలా కుక్క వంటిది. కాలికి ముల్లు గుచ్చుకుంటే మొరుగుతుంది. ముల్లు తీసేస్తే వూరుకుంటుంది. దీర్ఘకాలిక నొప్పి అలా కాదు. దొంగ వచ్చి వెళ్ళిపోయినా తెల్లవార్లూ మొరుగుతూనే వుండే కుక్క వంటిది. అక్కడ దొంగ లేడన్నది నిజమే. కాని కుక్క మొరుగుతున్నదన్నదీ, ఇంటిల్లిపాదికీ నిద్ర లేదన్నదీ అంతే నిజం. నరాలు, వెన్నుపాము, మెదడు కలిసి నొప్పి కబురును పెంచి పంపడానికి అలవాటు పడిపోయాయన్న మాట. ఆ అలవాటు ఎక్స్‌రేలో కనిపించదు.

ఈ విషయాన్ని శాస్త్రంలో కొత్త దారి పట్టించినవారు కెనడాకు చెందిన రొనాల్డ్ మెల్జాక్, బ్రిటన్ కు చెందిన పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు. దెబ్బ ఎంత తగిలితే నొప్పి అంతే వుంటుందన్న పాత అభిప్రాయాన్ని వారు 1965 లో తోసిపుచ్చారు. వెన్నుపాములో ఒక గేటు వంటి ఏర్పాటు వున్నదని, కింది నుంచి వచ్చే నొప్పి కబురును అది ఎంత మేరకు పైకి వదలాలో మెదడు కూడా నిర్ణయిస్తుందని వారు చెప్పారు. మన లెక్కలో చెప్పాలంటే చెరువుకు తూము వంటిదది. భయం, దిగులు, నిద్రలేమి తూము ఎత్తేస్తాయి. ధైర్యం, వేరే పని మీద ధ్యాస, ఒంటికి తగిన కదలిక తూము దించుతాయి. తరువాతి పరిశోధనలలో వివరాలు కొన్ని మారినా మూల సూత్రం నిలిచింది.

నొప్పిపై పరిశోధన చేసే శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం 1979 లో ఇచ్చిన నిర్వచనంలోనూ, 2020 లో దానిని సవరించినప్పుడూ నొప్పి అంటే శరీరానికీ మనసుకూ కలిసి కలిగే అనుభవమనే పేర్కొన్నది. మనసుకు పాత్ర వుందంటే నొప్పి కల్పితమని అర్థం కాదు. ఇది తల్లిదండ్రులు, మాస్టర్లు అందరూ గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 డిసెంబరులో పిల్లల దీర్ఘకాలిక నొప్పి చికిత్సపై మార్గదర్శకాలు విడుదల చేసింది. వ్యాయామం, మానసిక చికిత్స, అవసరమైన చోట మందులు అనే మూడు దారులను అందులో సూచించింది. మానసిక చికిత్సను ఎదురుగా కూర్చోబెట్టి చేసినా సరే, దూరం నుంచి చేసినా సరే, రెండూ కలిపినా సరే అని కూడా చెప్పింది. ఫోన్ వైద్యానికి అధికారికంగా తలుపు తెరిచిన మాట ఇదే.

సియాటిల్ పాఠాలు

అమెరికాలోని సియాటిల్ నగరంలో పిల్లల ఆస్పత్రికి అనుబంధంగా పరిశోధన చేస్తున్న టోన్యా పలెర్మో అనే మానసిక శాస్త్రవేత్త ఈ రంగంలో ముందు వరుసలో వున్నారు. ఆమె బృందం తయారు చేసిన పాఠాల పేరు వెబ్‌మ్యాప్. 11 నుంచి 17 ఏళ్ళ పిల్లల కోసం దీనిని రూపొందించారు. దేశ దేశాలు తిరిగి వచ్చే ప్రయాణం మాదిరిగా పాఠాలను అమర్చారు. పిల్లలకు ఎనిమిది పాఠాలు, తల్లిదండ్రులకు విడిగా మరో ఎనిమిది పాఠాలు వుంటాయి.

అసలు ఇటువంటి వైద్యం అవసరం ఎందుకు వచ్చిందంటే, అంతటి సంపన్న దేశంలో కూడా నొప్పి వైద్యం తెలిసిన మానసిక నిపుణులు పెద్ద నగరాల్లోనే వున్నారు. వందల మైళ్ళ దూరంలో వున్న పిల్లవాడు వారం వారం రాలేడు. డాక్టరు దగ్గరకు పిల్లవాడు రాలేకపోతే పాఠమే పిల్లవాడి దగ్గరకు వెళ్ళాలన్నది ఈ ప్రయత్నం వెనుక వున్న ఆలోచన. డోలీ కట్టి రోగిని రోడ్డు దాకా మోయవలసిన గూడేలు వున్న మన ప్రాంతానికి ఈ ఆలోచన కొత్తగా వివరించనక్కర లేదు.

ఇంతకూ ఆ పాఠాలలో ఏముంది? మొదటిది, నొప్పి ఎందుకు నిలిచిపోతున్నదో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడం. రెండవది, దిగులును గుర్తించడం. మూడవది, నిదానంగా పొట్ట నిండా ఊపిరి తీసి వదలడం, ఒళ్ళు బిగపట్టి ఒక్కొక్క భాగమే సడలించడం. ఆ తరువాత బడిలో వుండగా నొప్పి వస్తే ఏం చేయాలి అన్నది. "ఇక నా బతుకు ఇంతే" అన్న ఆలోచన వచ్చినప్పుడు దానిని పట్టుకుని ప్రశ్నించడం మరొకటి. రోజూ ఒకే వేళకు పడుకుని ఒకే వేళకు లేవడం, ఒంటికి కదలిక ఇవ్వడం, తగ్గిన నొప్పి తిరగబెడితే బెదరకుండా నిలబడడం మిగిలినవి.

ఇందులో కదలిక పాఠం మన పిల్లలకు బాగా పనికివచ్చేది. నొప్పి వున్న పిల్లలు సాధారణంగా ఒక తప్పు చేస్తారు. కాస్త తేలికగా వున్న రోజున నీళ్ళు మోస్తారు, బట్టలు వుతుకుతారు, సంతకు నడిచి వెళతారు, సాయంత్రం దాకా ఆడతారు. మరునాటి నుంచి మూడు రోజులు మంచం దిగరు. అలా కాకుండా బాగున్న రోజైనా, బాగులేని రోజైనా ఇంత దూరమే నడవాలని ముందే ఒక హద్దు పెట్టుకుని, వారానికి కొంచెం చొప్పున పెంచుకుంటూ పోవాలని ఈ వైద్యం చెబుతుంది. రెండు రోజుల పనిని ఒక్క పూటలో చేయించిన ఎద్దు మూడో రోజు అరక కట్టనివ్వదని రైతుకు తెలిసిన సంగతే.

తల్లిదండ్రులకూ పాఠాలే

ఈ వైద్యంలో సగభాగం తల్లిదండ్రులది కావడం గమనార్హం. పిల్ల మూలిగిన ప్రతిసారీ "ఇప్పుడెలా వుంది?" అని అడగడం ప్రేమే. కాని గంటకోసారి అడిగితే పిల్ల ధ్యాసంతా నొప్పి మీదనే నిలుస్తుంది. నొప్పి అన్న రోజున ఏ పనీ చెప్పకుండా పడుకోబెట్టి, ఫోన్ చేతికిచ్చి, నొప్పి లేదన్న రోజున ఎవరూ పట్టించుకోకపోతే పిల్లకు తెలియకుండానే ఒక అలవాటు పడుతుంది. ఇది దొంగ వేషం కాదు. మనుషులందరికీ వుండే స్వభావం.

అందువల్ల నొప్పి ఎంత వుందని అడగడం తగ్గించి, ఈ రోజు ఏం చేయగలిగావని అడగాలని తల్లిదండ్రులకు చెబుతారు. నొప్పితోనే ఒక పూట బడికి వెళ్ళి వచ్చిన రోజున మెచ్చుకోవాలి. మంచం మీద వున్న రోజున కసరకూడదు, గారాబం చేయకూడదు. అన్నింటికంటే ముందు "నీకు నొప్పి వుందని మాకు తెలుసు" అన్న ఒక్క మాట చెప్పాలి. ఇంటికి పెద్దవారు తమ నడుము నొప్పి గురించి పొద్దస్తమానం మూలుగుతూ వుంటే పిల్లలు అదే నేర్చుకుంటారన్నది కూడా ఆ పాఠాలలో వుంది.

ఫలితాల లెక్క

మరి దీనివల్ల ఒరిగిందేమిటి? లెక్కలు దాచకుండా చెప్పుకోవలసిన విషయమిది. 2009 లో 48 మంది పిల్లలతో జరిగిన మొదటి పరీక్షలో పాఠాలు చదివిన వారికి నొప్పి తీవ్రతా తగ్గింది, రోజువారీ పనులకు కలిగే ఆటంకమూ తగ్గింది. అది చిన్న పరీక్ష. 2016 లో ఫలితాలు వెలువడిన పెద్ద పరీక్షలో 273 మంది పిల్లలు, వారి తల్లిదండ్రులు పాల్గొన్నారు. సగం మందికి ఈ పాఠాలు ఇచ్చారు. మిగిలిన వారికి నొప్పి గురించిన సమాచారం మాత్రం ఇచ్చారు. ఆరు నెలల తరువాత చూస్తే, పాఠాలు నేర్చుకున్న పిల్లలు రోజువారీ పనుల్లో రెండవ జట్టు కంటే బాగా కోలుకున్నారు. నిద్ర మెరుగుపడింది. తల్లిదండ్రుల అతి జాగ్రత్త తగ్గింది. కాని నొప్పి తీవ్రతలో రెండు జట్లకూ తేడా కనిపించలేదు.

అంటే ఈ వైద్యం నొప్పిని తీసివేసేది కాదు. నొప్పి లాక్కుపోయిన బడిని, ఆటను, నిద్రను తిరిగి తెచ్చే ప్రయత్నం. నొప్పి మాయమైతే బడికి పంపుదామని కూర్చున్న ఇంటికి ఇది ముఖ్యమైన సంగతి. బడికి వెళ్ళడం ముందు, నొప్పి తగ్గడం తరువాత అన్నదే ఈ వైద్యం నేర్పిన వరుస.

ఇటువంటి దూర చికిత్సలన్నింటినీ కలిపి 2019 లో కొక్రేన్ సంస్థ చేసిన సమీక్ష మరింత జాగ్రత్తగా మాట్లాడింది. తలనొప్పి తీవ్రత తగ్గించడంలో చికిత్స ముగిసిన వెంటనే కొంత మేలు కనిపించిందని, మిగిలిన విషయాల్లో ఆధారాలు బలంగా లేవని తేల్చింది. ఇది చెడ్డ వైద్యమని కాదు, ఇంకా నిరూపణ జరగవలసి వుందని దాని అర్థం. కనుక "ఈ యాప్ పెట్టుకుంటే నొప్పి మాయం" అని రేపు ఎవరైనా ప్రకటన వేస్తే నమ్మనక్కర లేదు.

ఫోన్ వెనుక మనిషి

ఇంతకంటే ఆలోచింపజేసే సంగతి 2020 లో బయటపడింది. అదే బృందం తమ పాఠాలను కుదించి సెల్‌ఫోన్ లోకి తెచ్చింది. పాత పరీక్షలో పిల్లలు రాసిన అభ్యాసాలు చదివి జవాబు పంపే మనిషి ఒకరు వుండేవారు. ఫోన్ పాఠాలకు వచ్చేసరికి పిల్లలు తమంతట తామే చదువుకునేలా ఏర్పాటు చేశారు. ఎనిమిది ఆస్పత్రులకు వచ్చే 143 మంది పిల్లలతో దీనిని పరీక్షించారు. మామూలు వైద్యంతో పోలిస్తే నొప్పిలో గాని, పనులకు కలిగే ఆటంకంలో గాని చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మెరుగుపడ్డామని మాత్రం ఎక్కువ మంది పిల్లలు అన్నారు. చివరి వరకూ శ్రద్ధగా చదివిన వారిలో ఫలితం కనిపించింది. మధ్యలో వదిలేసిన వారిలో కనిపించలేదు.

రెండు పరీక్షల పద్ధతి వేరు కనుక తేడాకు కారణం ఇదేనని ఖాయంగా అనడానికి లేదు. అయినా పల్లెలో ఎవరినడిగినా చెప్పగలిగిన సంగతి ఒకటుంది. పుస్తకం ఇంట్లో వున్నంత మాత్రాన చదువు రాదు. "నిన్న చెప్పింది చేశావా?" అని అడిగే మాస్టారు వుండాలి. ఫోన్ దూరాన్ని తగ్గించగలదు. అడిగే మనిషిని అది సృష్టించలేదు.

వ్యాపారం వైపు నుంచి చూసినా ఇదే కనిపిస్తుంది. డాక్టరు చీటీ మీద ఇచ్చే యాప్‌లను తయారు చేసి, అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ అనుమతిని 2017 లో మొట్టమొదట పొందిన పేర్ థెరప్యూటిక్స్ అనే కంపెనీ 2023 ఏప్రిల్ లో దివాలా పిటిషన్ వేసింది. అనుమతి వచ్చినా, చాలినంత సొమ్ము చెల్లించే బీమా సంస్థలు దొరకలేదు. లాభం కోసమే నడిచే యాప్ నిన్న వుండి రేపు మూతబడవచ్చు. కనుక పిల్లల నొప్పి వైద్యాన్ని ప్రభుత్వం తన ఆరోగ్య వ్యవస్థలో భాగంగా చేపడితే తప్ప అది నిలవదు.

ఏజెన్సీలో సికిల్ సెల్

ఈ కబురుతో మనకు నేరుగా సంబంధం వున్న చోటు సికిల్ సెల్ వ్యాధి. ఎర్ర రక్తకణాలు గుండ్రంగా వుండవలసింది కొడవలి ఆకారంలోకి మారి సన్నని రక్తనాళాలకు అడ్డుపడతాయి. రక్తం అందని చోట భరించలేని నొప్పి పుడుతుంది. తల్లి నుంచీ, తండ్రి నుంచీ కూడా ఆ లక్షణం వచ్చినప్పుడు బిడ్డకు జబ్బు వస్తుంది. మలేరియా ఎక్కువగా వుండే ప్రాంతాల్లో తరతరాలుగా వున్న వారిలో ఈ లక్షణం ఎక్కువ. అందుకే గిరిజన తెగలలో ఇది అధికంగా కనిపిస్తున్నది.

ఒంట్లో నీరు తగ్గడం, జ్వరం, అలసట, చలి ఈ నొప్పిని రేపుతాయి. లంబసింగి, చింతపల్లి వైపు శీతాకాలపు తెల్లవారుజాములు ఎలా వుంటాయో చెప్పనక్కర లేదు. ఆ చలిలో చన్నీళ్ళ స్నానం చేసి ప్రార్థనకు నిలబడవలసిన హాస్టల్ పిల్లల్లో ఈ జబ్బు వున్నవారికి ఆ ఒక్కటే చాలు. పెద్ద నొప్పి వచ్చినప్పుడు ఆస్పత్రికి తీసుకు వెళతారు. అది తగ్గాక కూడా కొందరు పిల్లల్లో, ముఖ్యంగా వయసు పెరిగే కొద్దీ, రోజూ ఎంతో కొంత నొప్పి నిలిచిపోతుంది. బయటికి కనిపించని ఆ నొప్పితోనే చదువులో వెనుకబడతారు. క్రమంగా బడి మానేస్తారు.

కెనడాలోని టొరంటో నగరపు పిల్లల ఆస్పత్రి పరిశోధకులు, సియాటిల్ పరిశోధకులు కలిసి సరిగ్గా ఇటువంటి పిల్లల కోసమే ఒక ఫోన్ పాఠం తయారు చేశారు. దాని పేరు ఐ క్యాన్ కోప్. సికిల్ సెల్ వున్న ఎదిగే వయసు పిల్లల మాట విని, వారికి నచ్చేలా మార్పులు చేశారు. రోజూ నొప్పి, నిద్ర, మనసు ఎలా వున్నాయో పిల్లలే గుర్తు పెట్టుకోవడం, చిన్న చిన్న లక్ష్యాలు పెట్టుకోవడం, నొప్పి వేళ పాటించే ఉపాయాలు నేర్చుకోవడం అందులోని భాగాలు.

మన దేశంలో సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని ప్రధాని నరేంద్ర మోదీ 2023 జులై 1న మధ్యప్రదేశ్ లోని షాడోల్ లో ప్రారంభించారు. 40 ఏళ్ళ లోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని అందులో లక్ష్యం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ జాబితాలో వున్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సికిల్ సెల్ ను వైకల్యాలలో ఒకటిగా చేర్చింది. పరీక్ష, గుర్తింపు కార్డు, మందు అన్నవి అవసరమే. అయితే కార్డు అందుకున్న పిల్లవాడు రేపటి నుంచి నొప్పితో బడిలో ఎలా కూర్చోవాలో నేర్పే పని కూడా ఎవరో ఒకరు తీసుకోవాలి.

ఫోన్ చేయకూడని పని

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పాఠం ఎప్పుడూ డాక్టరుకు బదులు కాదు. సికిల్ సెల్ వున్న పిల్లలకు జ్వరం వచ్చినా, గుండెల్లో నొప్పి, ఆయాసం వచ్చినా, ఒక చేయి గాని కాలు గాని ఉన్నట్టుండి పడిపోయినా, మాట తడబడినా, ఎడమ వైపు కడుపు ఉబ్బినా ఊపిరి పాఠాలతో కాలయాపన చేయకూడదు. వెంటనే 108 కి ఫోన్ చేసి ఆస్పత్రికి చేర్చాలి. డాక్టర్లు రాసిన హైడ్రాక్సీయూరియా వంటి మందులను సొంతంగా మానకూడదు.

మిగిలిన పిల్లల్లో కూడా నొప్పితో పాటు బరువు తగ్గడం, కీళ్ళు వాచడం, రాత్రి నిద్రలోంచి లేపేసే నొప్పి, విడవని జ్వరం వుంటే ముందు డాక్టరు చూడాలి. చూసి, ప్రమాదమేమీ లేదని తేలాకనే ఈ పాఠాల వంతు. అలాగే నొప్పి అన్నప్పుడల్లా సూది వేయించడం, దుకాణంలో బిళ్ళ కొని మింగించడం మానాలి. నొప్పి బిళ్ళలు లెక్క లేకుండా వాడితే కడుపులో పుండు పడవచ్చు, మూత్రపిండాలు చెడవచ్చు.

పిల్ల తన దిగులు, తన నిద్ర, తన నెలసరి బాధ ఫోన్ లో రాస్తే ఆ రాత ఎవరి చేతికి పోతుందన్నది మరో ప్రశ్న. పార్లమెంటు 2023 లో ఆమోదించిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో 18 ఏళ్ళ లోపు వారి సమాచారం తీసుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి వుండాలన్న నిబంధన వుంది. ఏ యాప్ అయినా పెట్టే ముందు అది ఏ ఆస్పత్రిదో, ఎవరు సిఫారసు చేశారో అడిగి తెలుసుకోవాలి.

ఇక్కడ ఏం చేయవచ్చు?

సియాటిల్ యాప్ ను తెచ్చి తెలుగులో రాసి పంచితే పని అయిపోతుందనుకోవడం తొందరపాటు. ఒకటి, మన కొండల మీద ఇళ్ళలో మాట్లాడే భాష తెలుగు ఒక్కటే కాదు. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే తల్లికి తెలుగు పాఠం కూడా పరాయిదే. రెండు, సిగ్నల్ కోసం గుట్ట ఎక్కవలసిన గూడేలు వున్నాయి. మూడు, ఇంటికంతటికీ ఒకటే ఫోన్ వుంటే అది తండ్రి జేబులోనో, అన్న చేతిలోనో వుంటుంది. నొప్పి వున్న ఆడపిల్ల చేతికి వచ్చేది చివరనే.

అన్నింటికంటే పెద్ద తేడా మరొకటి వుంది. ఆ వైద్యంలో సగం పాఠాలు తల్లిదండ్రులకని చెప్పుకున్నాము. మన ఏజెన్సీ పిల్లల్లో చాలామంది ఏడాదిలో ఎక్కువ కాలం వుండేది ఆశ్రమ పాఠశాలల్లో. అక్కడ రాత్రి మూలిగితే విని పలకవలసినవారు వార్డెను, మాస్టర్లు. కనుక తల్లిదండ్రుల కోసం రాసిన ఆ సగం పాఠాలు మన దగ్గర వారికే చేరాలి. నొప్పి వున్న పిల్లను నమ్మడం, చలికాలంలో వేడినీళ్ళు ఇవ్వడం, తరగతిలో నీళ్ళ సీసా వుంచుకోనివ్వడం, పూట బడితో మొదలుపెట్టి నెమ్మదిగా పూర్తి బడికి తీసుకు రావడం వంటి పనులకు యాప్ అక్కరలేదు, పెద్ద ఖర్చూ లేదు. ఒక్క రోజు శిక్షణ ఇప్పించినా కొంత మార్పు వస్తుంది.

ఇందుకు కావలసిన మనుషులు, పథకాలు కొంతవరకు ఇప్పటికే వున్నాయి. 10 నుంచి 19 ఏళ్ళ వారి కోసం కేంద్రం 2014 జనవరి 7న కిశోర ఆరోగ్య కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. దాని కింద కౌన్సిలర్లు వుండాలి. బడి పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం 2013 నుంచి వుంది. మానసిక సమస్యలకు రాత్రింబవళ్ళు ఉచితంగా పలికే టెలిమానస్ ఫోన్ సేవ 2022 అక్టోబరు 10న మొదలైంది. 14416 నంబరుకు చేస్తే తెలుగులో కూడా మాట్లాడతారు. మామూలు బటన్ ఫోన్ అయినా చాలు. వీటిలో దేనిలోనైనా పిల్లల దీర్ఘకాలిక నొప్పి అన్న అంశాన్ని చేర్చి, ఏ.ఎన్.ఎం.కు, ఆశా కార్యకర్తకు నాలుగు పాఠాలు నేర్పితే, సియాటిల్ లో జవాబు రాసే మనిషి చేసిన పని ఇక్కడ గూడెంలో మనిషే వచ్చి చేస్తారు. "మొన్న చెప్పిన ఊపిరి అభ్యాసం చేస్తున్నావా? ఈ వారం ఎన్ని రోజులు బడికి వెళ్ళావు?" అని వారానికోసారి అడిగితే చాలు.

ఫోన్ అందే చోట దానినీ వాడుకోవచ్చు. చదవడం రాని తల్లికి రాతకంటే మాట మేలు. అయిదు నిమిషాల మాటల పాఠాలను ఇంటి భాషలో రికార్డు చేసి ఆశా కార్యకర్త ఫోన్ లో వుంచితే సిగ్నల్ లేని గూడెంలో కూడా వినిపించవచ్చు. ముందు ఒకటి రెండు మండలాల్లో, సికిల్ సెల్ వున్న పిల్లలతో మొదలుపెట్టి, నొప్పి ఎంత తగ్గిందని కాకుండా బడికి ఎన్ని రోజులు వచ్చారన్న లెక్క తీయడం మంచిది. ఆ లెక్క తీయడానికి హాజరు పట్టీ వుంది. కొత్త యంత్రాలు అక్కరలేదు.

జిల్లా వైద్య ఆరోగ్య శాఖ, గిరిజన సంక్షేమ శాఖ కలిసి కూర్చుని ఈ విషయం ఆలోచించవలసిన అవసరం ఎంతైనా వుంది. ఈలోగా తల్లిదండ్రులు, మాస్టర్లు ఎవరి అనుమతీ లేకుండా చేయగలిగిన పని ఒకటుంది. మీ ఇంట్లోనో, మీ తరగతిలోనో నెలల తరబడి నొప్పి అంటున్న పిల్ల వుంటే, ఒకసారి డాక్టరుకు చూపించండి. పరీక్షలో ఏమీ కనిపించకపోయినా ఆ పిల్ల మాట నమ్మండి. నమ్మి, రేపు ఒక్క పూటకైనా బడికి తోడు వెళ్ళండి.